ప్రాసెసర్ అడుగున పేస్టు

ప్రాసెసర్ అడుగువైపు థర్మల్ పేస్టు పూశానని నా మీద రాసిచ్చారు. నేను పూయలేదు.

ఈ పనిలో లేనివాళ్ళకి ఆ మాటలో ఎంత అవమానం ఉందో తెలియదు కాబట్టి చెబుతాను. కంప్యూటర్‌కి మెదడులాంటి చిన్న పలక ప్రాసెసర్. దాని పైభాగం వెండి రంగులో నున్నగా ఉంటుంది. అక్కడ పుట్టే వేడిని పైనున్న ఫ్యానుకి అందించడానికి ఆ పైభాగం మీద బఠాణీ గింజంత పేస్టు పెడతాం. అడుగువైపు వందలకొద్దీ బంగారు రంగు చుక్కలుంటాయి. అవి బోర్డు మీది సన్నటి పిన్నులకు ఆనితేనే ఏదైనా పని జరిగేది. ఆ వైపు వేలు కూడా తగలనివ్వం. అక్కడ పేస్టు పూశాడనడం, విస్తరి బోర్లా వేసి వడ్డించాడని వంటాయన మీద చెప్పడంలాంటిది. మొదటిరోజు పనిలోకి వచ్చిన కుర్రాడు కూడా చెయ్యని పని. ముప్పై ఏళ్ళు దాటి ఈ పని చేసిన నేను, నా చేత్తో బిగించిన ఆఖరి మిషనులో ఆ పని చేశానని సంతకం పెట్టి మరీ ఇచ్చారు.

కొత్తగా ఈ పనిలోకి దిగుతున్నవాళ్ళు కొందరు ఫోన్లు చేస్తుంటారు. డిస్‌ప్లే రావట్లేదండీ, ఏం చెయ్యమంటారని. వాళ్ళకోసం రాస్తున్నాను. రిపేరు పుస్తకాల్లో ఉండేది ఇందులో కొంచెమే.

చేతులు వెనక్కి

నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. రాజమండ్రిలో కామేశ్వర్రావు గారనే ఆయన టీవీ రిపేరు షాపులో చేరాను. ఆయన నాకు మొదట నేర్పింది టంకం వెయ్యడం కాదు. టీవీ వెనక మూత విప్పాక, "చేతులు వెనక్కి కట్టుకో" అనేవారు. కట్టుకునేవాణ్ణి. "ఏం కనపడుతోంది?" అనేవారు. కనపడిందల్లా చెప్పాలి. బొద్దింక చచ్చి ఉంటే అది కూడా చెప్పాలి. చూడటం అయ్యేదాకా స్క్రూడ్రైవరు చేతికిచ్చేవారు కాదు. నేను విసుక్కుంటే, "దానికేమయిందో అది చెబుతుందిరా, నువ్వు ఊరుకుంటే" అనేవారు. అంత విలువైన మాట నాకు తర్వాత ఎవరూ చెప్పలేదు. అది మరిచిపోయిన రోజునే నాకు దెబ్బ తగిలింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

కంప్యూటర్లు వచ్చాక ఆ షాపు మూతపడింది. మదర్‌బోర్డు పెట్టెలో వచ్చే ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, ప్రతి మాటకీ పెన్సిల్‌తో తెలుగు రాసుకుంటూ నేర్చుకున్నాను. ఒక పుస్తకం పూర్తవడానికి వర్షాకాలం మొత్తం పట్టింది. డిప్లొమాలు చేసినవాళ్ళు నా ఇంగ్లీషు విని నవ్వేవారు. మిషను ఆగినప్పుడు మాత్రం నన్నే పిలిచేవారు. ఆ కోపం నాలో ఇంకా పోలేదు, దాచుకోను.

సామర్లకోట మిల్లు

రెండో యజమాని కంప్యూటర్ల షాపాయన. మంచి బట్టలు, మంచి మాట. ఆయన నేర్పింది ఒకటే. "తప్పు ఎప్పుడూ కస్టమర్ దగ్గరే ఉండాలయ్యా. మన దగ్గరున్నా సరే, అక్కడికే తోసెయ్యాలి." విన్న రోజున నవ్వాను. తర్వాత అదే చేశాను.

సామర్లకోటలో ఒక రైసు మిల్లుకి కొత్త మిషను బిగించి పంపాం. షాపులో బాగానే వెలిగింది. బస్సులో తీసుకెళ్ళి, వెలిగించి చూడకుండానే అక్కడ పెట్టి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఫోను, తెర నల్లగా ఉందని. వెళ్ళాను. మిల్లు గుమాస్తా అప్పారావు నాకు ఎదురొచ్చాడు. ఆ మిషను మీద లెక్కలు నేర్చుకోవాలని అతనికి ఎంతో ఉబలాటం. మనిషి అప్పటికే చెమటలు కక్కుతున్నాడు.

"నేనేం ముట్టుకోలేదండీ. మీరు చెప్పినట్టు స్విచ్చి వేశానంతేనండీ."

విప్పి చూశాను. బోర్డుని క్యాబినెట్‌కి, అంటే బయటి పెట్టెకి, బిగించడానికి కింద స్టాండాఫ్‌లనే ఇత్తడి బుడిపెలు ఉంటాయి. బోర్డు కన్నాలు ఎక్కడుంటే అక్కడే అవి ఉండాలి. నేను కన్నం లేనిచోట ఒకటి ఎక్కువ వదిలేశాను. బస్సు కుదుపులకి బోర్డు దానిమీదకి ఒరిగి షార్టు అయింది. తప్పు నూటికి నూరుపాళ్ళూ నాది. ఇంతలో మిల్లు యజమాని వచ్చి వెనకాల నిలబడ్డారు. "ఏమైందయ్యా?" అన్నారు.

"వెనక వైర్లు ఎవరో కదిపారండి" అన్నాను.

ఆ స్టాండాఫ్‌ని ఊడదీసి జేబులో వేసుకున్నాను. మిషను వెలిగింది. యజమాని అప్పారావు వైపు తిరిగారు. "దాని జోలికెళ్ళొద్దని చెప్పానా లేదా? నీ మొహానికి కంప్యూటరు కూడానా!" అన్నారు. అప్పారావు నా మొహం వైపు చూశాడు. నేను వైర్లు చుట్టుకుంటున్నాను.

ఆ తర్వాత ఆ మిషను మీద కూర్చోడానికి వేరే మనిషిని పెట్టారని విన్నాను. చాలా ఏళ్ళకి, సిగ్గు బలపడ్డాక, చెప్పేద్దామని వెళ్ళాను. మిల్లు చేతులు మారింది. అప్పారావు ఎక్కడున్నాడో అక్కడ ఎవరికీ తెలియదు. నా మీద ఒక అబద్ధం రాశారని ఈ వ్యాసంలో గొంతు చించుకుంటున్నాను కాబట్టి, నేను చెప్పిన అబద్ధం కూడా ఇక్కడే ఉండాలి.

తెర నల్లగా ఉంటే

ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మీద మాత్రం నో సిగ్నల్ అని వస్తుంది. కొత్త మిషను విషయంలో జనం ఎక్కువ భయపడేది దీనికే. నిజానికి చాలాసార్లు చిన్న సంగతే. కేబులు గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా బోర్డుకి పెట్టేస్తారు. కొన్ని ప్రాసెసర్లకి సొంతంగా బొమ్మ చూపించే శక్తి ఉండదు, కార్డు లేకుండా ఎన్ని దణ్ణాలు పెట్టినా తెర వెలగదు. ప్రాసెసర్ దగ్గర విడిగా ఒక కరెంటు ప్లగ్గు ఉంటుంది, అది మూల నక్కి ఉండటం వల్ల మర్చిపోతారు. ర్యామ్ కర్ర టక్కుమనేదాకా నొక్కరు, విరుగుతుందని భయం. ఇవన్నీ అయ్యాక ఒక్క ర్యామ్ ఉంచి, ప్రాసెసర్ సొంతంగా బొమ్మ చూపించేదయితే కార్డు కూడా తీసి, హార్డు డిస్కులు పీకి, కనీసపు సామానుతో వెలిగించి చూడాలి. అప్పటికీ రాకపోతే బోర్డుని క్యాబినెట్ బయట, అట్టముక్క మీద పెట్టి చూడాలి.

మనవాళ్ళు మాత్రం ముందే ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దేస్తారు. ఏ జబ్బుకైనా ఒకటే మాత్ర వేసినట్టు. పాత మిషనుకి పనికొస్తుంది. నిన్న పెట్టెలోంచి తీసినదానికి తుప్పెక్కడిది?

ఈ వరుస నాకు నిద్రలో కూడా వస్తుంది. అదే నా కొంప ముంచింది. నోటికొచ్చిన వరుసని చెయ్యి చేసుకుపోతుంటే కంటికి పనుండదు.

సూరిబాబు మిషను

రామచంద్రపురంలో సూరిబాబు అని పెళ్ళి వీడియోలు తీసే అతనున్నాడు. అతని పాత మిషన్లు మూడూ నేను బిగించినవే. కిందటి శ్రావణానికి ముందు, కెమెరా కొత్తది కొన్నాననీ, ఆ వీడియోలు పాత మిషను లాగలేకపోతోందనీ, పెద్దది బిగించమనీ అడిగాడు. ఈ పని మానేశానయ్యా అన్నాను. "మీరు బిగిస్తేనే నాకు నిద్ర పడుతుందండీ మేష్టారూ" అన్నాడు. వెళ్ళాను. పొగడ్తకి లొంగని మనిషిని నేనింకా చూడలేదు.

సామాన్లన్నీ అతనే తెప్పించుకున్నాడు. వాళ్ళమ్మ వీరమ్మ గారు చిన్న పెట్టెలన్నీ ఒక పెద్ద పళ్ళెంలో తెచ్చి బల్ల మీద పెట్టారు. ప్రతి పెట్టెకీ గంధం, కుంకుమ బొట్టు, పైన ఒక చేమంతి. "శుక్రవారం పూజలో పెట్టించానండి" అన్నారు. మా వైపు ఇది మామూలే. మోటారుకి పెడతారు, ట్రాక్టరుకి పెడతారు, సెల్‌ఫోనుకీ పెడతారు. ప్రాసెసర్ పెట్టె సీలు కోసి ఉంది. చూశాను. ఎందుకు కోశారని అడగలేదు. పెద్దావిడ అంత భక్తిగా తెచ్చి పెడితే, సీలు ఎవరు కోశారని అడగడం బాగోదనిపించింది.

ప్రాసెసర్ని అంచులు పట్టుకుని తీశాను. మూలనున్న గుర్తు బోర్డు మీది గుర్తుకి కలిపి, సాకెట్లో వదిలి, లీవరు వేసి, పైభాగం మీద పేస్టు పెట్టి ఫ్యాను బిగించాను. సూరిబాబు పక్కనే ఉన్నాడు. అడుగు తిప్పి చూడలేదు. ఎంతమందికి చెప్పానో, తిప్పి చూడండిరా అని. నేను చూడలేదు.

వెలిగించాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర రాలేదు. బోర్డు మీద తప్పెక్కడుందో చెప్పే నాలుగు చిన్న దీపాల్లో ర్యామ్ దీపం ఆరకుండా ఉండిపోయింది. వరుసంతా చేశాను. ర్యామ్ మార్చాను, స్లాటు మార్చాను, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ తీసి సూరిబాబు పాతది పెట్టాను, బోర్డు బయటికి తీసి అట్ట మీద పెట్టాను. ప్రాసెసర్ని మాత్రం ఎత్తలేదు. పాడైన కొత్త ప్రాసెసర్ని నా జీవితంలో రెండుసార్లు చూసి ఉంటాను. బోర్డే పోయిందని తేల్చి, ప్రాసెసర్ దాంట్లోనే ఉంచి, రాజమండ్రి కలెక్షన్ కౌంటరు ద్వారా సర్వీస్ సెంటరుకి పంపించాను.

రిపోర్టు

మూడు వారాలకి సామాను తిరిగొచ్చింది. ప్రాసెసర్ని విడిగా ఒక కవర్లో వేసి పంపారు. ఆ కవరు విప్పకుండా పక్కన పెట్టి కాగితం చదివాను. ప్రాసెసర్ అడుగున థర్మల్ పేస్టు అన్నదానికి టిక్కు, పక్కన అసెంబుల్ చేసినవారి పొరపాటు, వారంటీ వర్తించదు. కింద ఒక ఫోటో, నలుపు తెలుపు ప్రింటు. బంగారు చుక్కలుండేచోట మధ్యలో బూడిదరంగు మరక.

కౌంటరులో ఉండే అతను ఆ కాగితాన్ని ఫోటో తీసి మా మెకానిక్కుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "పెద్దవాళ్ళు కూడా జాగ్రత్త" అని రాశాడు. కింద నవ్వు బొమ్మల వరుస. పిఠాపురంలో షాపు పెట్టుకున్న ఒకడు, నా దగ్గర పని నేర్చుకున్నవాడే, "మేష్టారికి కళ్ళజోడు మార్పించండ్రా" అన్నాడు. వాడికి స్క్రూ బిగించడం నేర్పింది నేను.

అదీ భరించేవాణ్ణే. సూరిబాబు దగ్గరికి సామానూ కాగితమూ తీసుకెళ్తే అతను కాగితం చదివి, మడిచి, నా వైపు చూడకుండా అన్నాడు.

"పోనీలెండి మేష్టారూ. శుక్లాల ఆపరేషను అయింది కదా, మీకు సరిగ్గా ఆని ఉండదు. నేనే బలవంతపెట్టాను."

తిట్టినా బాగుండేది. జాలిపడ్డాడు.

"సూరీ, నేను పేస్టు పైనే పెట్టాను. నువ్వు పక్కనే ఉన్నావు కదయ్యా, చూశావా లేదా?"

"చూశానండీ... ఫోన్లో మాట్లాడుతున్నానేమోనండీ అప్పుడు."

వీరమ్మ గారు కాఫీ తెచ్చారు. ఫోటో చూపించమన్నారు. కొడుకు చేతిలోంచి కాగితం తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి చూశారు.

"ఇది నేను పెట్టిన గంధంలా ఉందే" అన్నారు.

సూరిబాబు లేచి నిలబడ్డాడు. "ఏంటమ్మా?"

"మరి పూజ చేసింది ఎవరురా? మూతపెట్టి ఉంచితే లోపలదానికి పూజ ఎలా అందుతుంది? విప్పాను. ఆ చిన్నదాన్ని ఓ వైపు చూస్తే సత్తు పలకలా ఉంది, ఇంకోవైపు బంగారం. మొహం అదే అనుకుని అటు పెట్టాను. నువ్వే కదరా వచ్చి, కుంకుమ రాలుతుంది తుడిచెయ్యి అన్నావు. కొంగుతో తుడిచాను."

"పెట్టె మీద తుడవమన్నానమ్మా!"

"పెట్టె మీదో, పెట్టెలోనో, నువ్వు చెప్పలేదు. ఫోను చెవిలో పెట్టుకుని మాట్లాడితే నాకేం అర్థమవుతుంది?"

కవరు విప్పి ప్రాసెసర్ని తీశాం. అడుగున ఎండిన పొర అలాగే ఉంది, అంచున సన్నగా గులాబీ రంగు కూడా. సూరిబాబు ఫోటో తీశాడు. దూదిపుల్ల నీటిలో ముంచి ఒక మూల తాకించాను. థర్మల్ పేస్టు నీటికి కరగదు. ఇది పాలలా కరిగింది. వాసన చూశాను. సూరిబాబు చూశాడు. వీరమ్మ గారు చూడలేదు. "నాకు తెలుసు కదండీ" అన్నారు.

మిగిలింది స్పిరిట్‌తో తుడిచాను. భూతద్దం పెట్టుకుని సాకెట్లో పిన్నులకు అంటిన పొడిని మెత్తటి బ్రష్‌తో తీశాను. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. బిగించి స్విచ్చి వేశాం. ర్యామ్ దీపం వెలిగి ఆరింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. సూరిబాబు నా కాళ్ళ మీద పడబోతే, "ఇప్పుడు కాదు, ఆ జాలిపడ్డప్పుడు పడాల్సింది" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను.

మూడు ఉత్తరాలు

అందరూ చెప్పింది ఒకటే. మిషను వెలిగింది కదా, వదిలెయ్యండి అని. మిషను వెలిగింది. కాగితం మీద నా పొరపాటు అలాగే ఉంది. గ్రూపులో ఆ ఫోటో అలాగే ఉంది. ఈ పనిలో నాకున్న ఆస్తి ఒక్కటే, నేను బిగిస్తే సరిగ్గా బిగిస్తానని ఈ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు అనుకోవడం. దాన్ని ఒక టిక్కుతో తీసేశారు.

అయితే నిజం రాస్తే వీరమ్మ గారి సంగతి బయటికి వస్తుంది. మెకానిక్కులు ఈసారి ఆవిడ మీద పడి నవ్వుతారు. సామర్లకోటలో ఒకసారి నా తప్పుని ఇంకొకరి మీదకి తోశాను. ఇప్పుడు ఆవిడ తప్పు ఆవిడదే అయినా, చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడనే అడిగాను.

"రాయండి మేష్టారూ" అన్నారు. "నా పేరు కూడా రాయండి. దొంగతనం చేశానా? దేవుడి ముందు బొట్టు పెట్టాను. తెలియక పెట్టాను. ఆ మాట మీ నెత్తిన పడితే నాకు అన్నం సయిస్తుందా?"

కంపెనీకి మొదటి ఉత్తరం రాశాను. జవాబు లేదు. రెండోదానితో ఆ దూదిపుల్లని చిన్న కవర్లో పెట్టి పంపాను. వాసన చూడమన్నాను, రంగు ఫోటో కూడా పెట్టాను. జవాబు లేదు. మూడో ఉత్తరంలో నా తప్పు కూడా రాశాను. అడుగు తిప్పి చూడకపోవడం నాదే, దానికి ఏ మాట రాసినా పడతాను, పేస్టు పూశానన్న మాట ఒక్కటి తీసెయ్యండని. సరిగ్గా అడిగితే సరిగ్గా చెబుతారన్న నమ్మకం ఈ వయసులో నాకు మిగలకూడదు, కానీ కొంచెం మిగిలింది.

కొత్తవాళ్ళకి చెప్పేది ఇంతే. సీలు కోసి ఉంటే, తెచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా, ఎందుకని అడగండి. మర్యాద కోసం నోరు మూసుకున్నచోటే నేను పడ్డాను. పెట్టినదాన్ని ఎత్తి చూడండి, మీరే పెట్టినా సరే. మీ తప్పయితే అక్కడే, ఆ మనుషుల ముందే చెప్పెయ్యండి. తర్వాత వెళ్తే వాళ్ళు అక్కడ ఉండరు.

పోయిన నెల జవాబు వచ్చింది. కంపెనీ కవరు కాదు. మామూలు కవర్లో, గళ్ళ నోటుబుక్కులోంచి చింపిన కాగితం. సంతకం రిపోర్టు మీదున్నదే.

"మేష్టారు గారికి నమస్కారాలు. ఆ రిపోర్టు రాసింది నేనేనండి. మాది కూడా అటువైపే, కాకినాడ దగ్గర. విప్పగానే వాసన తెలిసింది. మా ఫారంలో కారణాలు పదకొండు ఉంటాయి, వాటిల్లో గంధం లేదు. దగ్గరగా ఉన్నది పేస్టు, దానికి టిక్ పెట్టాను. పేస్టుకి టిక్ పెడితే పక్కన అసెంబుల్ చేసినవారి పొరపాటు అని దానంతట అదే వస్తుంది. మార్చే అధికారం నాకు లేదండి, పైవాళ్ళని అడిగితే ఫైలు మూసేశాం అన్నారు. మీరు పూయలేదని నాకు తెలుసు. ఈ కాగితం మీ గ్రూపులో పెట్టుకోండి, నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. ఒక్కటే మనవి. కంపెనీకి ఇంక ఉత్తరాలు రాయకండి. పైనుంచి తిరిగి తిరిగి అన్నీ నా టేబులు మీదకే వస్తున్నాయి."